బాయిలో దాచిన పట్టీ

పోయిన వారం మనం దుర్గవ్వను జమ్మికుంట పత్తి మార్కెట్టు గేటు ముందు, చంకలో కాగితపు పొట్లంతో, రైలు తప్పిపోతుందేమోనని పరుగెడుతుండగా విడిచి వచ్చాం. అప్పటి ముచ్చట తెలియనివారి కోసం రెండు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం. దుర్గవ్వకు ఒక్కగానొక్క కొడుకు పోశం. ఇరవై రెండేళ్లవాడు. బొగ్గు గనిలో, అక్కడివాళ్ల మాటలో బాయిలో, తట్ట ఎత్తి టబ్బులు నింపే పని. ఇంకా రానివాళ్ల బదులు దిగే బదిలీ కూలీయే. మరో నెలన్నర నాగా లేకుండా చేస్తే పేరు పక్కా అవుతుంది. సరిగ్గా ఆ సమయానికే వాడికి గజ్జలో పేగు జారింది. బరువెత్తితే కోడిగుడ్డంత ఉబ్బు, పడుకుంటే లోపలికి. మిషన్ దవాఖాన నర్సు మగ్దలేనమ్మ ఆపరేషన్ తప్ప దారి లేదన్నది. తండ్రి రాజలింగు తన బ్యాటరీ షాకు చాలునన్నాడు. దుర్గవ్వకు కత్తి అన్నా భయమే, కరెంటు అన్నా భయమే. అందుకని మార్కెట్టు గేటు ముందు గొడుగు కింద కూర్చుని అమ్మే హనుమంతు దగ్గర మూడో దారి కొనుక్కొచ్చింది. ఉక్కు కమాను, దాని చివర తోలు మెత్త, నడుము చుట్టూ బిగించే పట్టీ. "కోత లేదు, నెత్తురు లేదు. నెల కట్టుకుంటె పేగు దాని జాగల అది కూసుంటది" అన్న హనుమంతు మాటను ఆమె కొంగున ముడేసుకుని తెచ్చుకున్నది.

ఆ నెల మంగళవారంతో నిండింది.

నిండిందన్న సంతోషంతో దుర్గవ్వ ఆ పొద్దున నాలుగు సర్వపిండి రొట్టెలు కాల్చింది. సంతోషమంటే సంతోషమే గాని, దుర్గవ్వ సంతోషం ఎప్పుడూ గడప మీదే నిలబడి ఉంటుంది, లోపలికి వచ్చి కూర్చోదు. సైరన్ రెండు క్షణాలు ఆలస్యంగా మోగితే బాయి కూలిందేమోనని, వేళకు మోగితే ఇవాళ ఇంత సరిగ్గా ఎందుకు మోగిందోనని గుండె పట్టుకునే మనిషి ఆమె.

రొట్టెల్లో రెండు తారాబాయికి. తారాబాయి వాళ్లది మహారాష్ట్రలోని చాందా వైపు, ఇప్పుడు పక్క క్వార్టరు. ఆమె పెనిమిటి బాయి మూతి దగ్గర తనిఖీ జవాను. లోపలి గాలికి నిప్పు తగిలితే అంతా భస్మమే కాబట్టి, దిగే ప్రతి మనిషినీ నిలబెట్టి, అగ్గిపెట్టెగాని బీడీగాని ఉన్నదేమోనని తల నుంచి కాళ్లదాకా తడిమి వదలడం అతని పని. నెలరోజులుగా పోశం నడుముకు ఉక్కు కమాను ఉన్నది. అది జవాను చేతికి తగలకుండా ఉంటుందా? తగిలే ఉంటుంది. చూసీ పెద్దమనసుతో ఊరుకుని ఉంటాడు. ఆఫీసులో ఒక్క మాట చెబితే పోశం పేరు పక్కన "అన్‌ఫిట్" అని ముద్ర పడి ఉండేది. దుర్గవ్వ తనలో తాను ఇలా లెక్కవేసుకుని, ఆ మేలుకు బదులుగా మధ్యాహ్నం రొట్టెలు పట్టుకుని పోయింది.

తారాబాయి నల్లా దగ్గర బిందె తోముతున్నది.

"దుర్గాబాయీ, ఇయ్యాల ఏం పండుగ?"

"పండుగ గాదు చెల్లే. మీ ఆయన చేసిన మేలు మర్చిపోతనా? నెల సంది మా పోరని పట్టీ సంగతి కడుపుల దాసుకున్నడు."

రొట్టె తుంచబోయిన తారాబాయి చెయ్యి ఆగింది. "ఏం పట్టీ?"

"గదే... పేగు జారినోళ్లకు కట్టేది. నడుముకు. కమాను పట్టీ."

"అగ్గ బాయీ! ఉక్కుదా?" తారాబాయి నోటిమీద చెయ్యి వేసుకున్నది. "మొన్న ఒకని తలగుడ్డ మడతల ఇంతంత బీడీ ముక్క దొరికితెనే మా ఆయన ఇంటికి తోలిండు. ఉక్కు పట్టీ ఉంటె ఇడుస్తడా? మీ పోశంకు చెక్కిలిగిలి ఎక్కువట గద! నడుం మీద చెయ్యి పడంగనే పాము తీరు మెలికెలు తిరుగుతడట. గా తమాషా సూడనీకె ఎనక లైను లైనంత ఆగుతదట. రోజూ అన్నం తినుకుంట చెప్తడు. నడుముకు మొలతాడు తప్ప ఏం లేదు దుర్గాబాయీ, నా మీద ఒట్టు."

దుర్గవ్వ ఇంటికి ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. ట్రంకు పెట్టె తెరిచింది. అటక మీద చెయ్యి పెట్టి వెతికింది. తలుపు వెనక మేకుకు చొక్కా మాత్రం ఉన్నది. పట్టీ ఇంట్లో లేదు. పొద్దున బాయికి దిగేటప్పుడు ఒంటిమీదా లేదు. మరి ఎక్కడ ఉన్నట్టు? ఉన్నది ఒక్కచోటే. బాయి లోపల.

అంటే వాడు ఉత్త నడుముతో తనిఖీ దాటి, ఏటవాలు దారిలో అరకోసు కిందికి దిగి, అక్కడ ఏ చీకటి మూలనో దాచిన పట్టీ తీసి, నిలబడి కట్టుకుంటున్నాడు.

నిలబడి!

మగ్దలేనమ్మ మాటలు చెవిలో గంట కొట్టినట్టు వినిపించాయి. పట్టీ చూపించిన రోజు ఆ నర్సు మొదట కోపంగా తిట్టి, తర్వాత చేతులు పట్టుకుని చెప్పింది. "కొననే కొన్నవ్. ఇగ నా మాటన్న ఇను దుర్గవ్వక్కా. పొద్దుగాల మంచం దిగకముందే, ఎల్లెలకల పండుకొని, పేగును వేళ్లతోటి లోపలికి నెట్టి అప్పుడు కట్టాలె. పేగు బయట ఉండంగ పైనుంచి మెత్త ఒత్తిందనుకో, అది పట్టీ గాదు, ఉరితాడు. ఉబ్బు రాయి లెక్క గట్టిపడ్డా, పిల్లగాడు కక్కుకున్నా, గడియ ఆగకు. ఎత్తుకొని రా."

దుర్గవ్వ ఆ మాటలన్నీ కొడుక్కు పూసగుచ్చినట్టు చెప్పింది. వాడు "ఊఁ" అన్నాడు. ఆ "ఊఁ"నే నమ్ముకుని నెల గడిపింది.

చెప్పులు వేసుకుని బాయి దారి పట్టబోయే లోపల పోశమే వచ్చాడు. షిఫ్టు ముగియడానికి ఇంకా గంట ఉన్నది. వాడు నడుస్తున్నాడనడం కన్నా గోడలు పట్టుకుని వంగి వస్తున్నాడనడం నిజం. బొగ్గు మసి మీద చెమట కాలువలు కట్టింది. వాకిట్లోకి వస్తూనే కూలబడి కక్కుకున్నాడు.

"కొడుకా!"

"ఏం గాలే అవ్వా. సద్ది పులిసినట్టుంది."

"సద్ది పొద్దుగాల వండిన. పట్టీ ఏడుంది?"

పోశం తల తిప్పుకున్నాడు. నిక్కరు మీదుగా కమాను వంపు కనిపిస్తూనే ఉన్నది. నొప్పికి విప్పడం చేతకాక కట్టుకునే వచ్చాడు. దుర్గవ్వ వాడిని మంచం మీద పడుకోబెట్టి పట్టీ బకిలు ఊడదీసింది. ఉబ్బు మీద వేలు పెట్టింది. రాయి.

"రోజూ బాయిల కడుతున్నవా? నిలబడి?"

"మరెట్ల కట్టాల్నే? ఇంట్ల కట్టుకొని పోతె జవాను మామ పట్టుకుంటడు. పట్టుకుంటె ఆఫీసుల చెప్తడు. చెప్తె నౌకరి పోతది. లోపల పండుకొని కడుదామంటె అంత నీళ్లు, మీదికెల్లి టబ్బులు." పోశం నొప్పిలోనూ నవ్వబోయాడు. "పండుకున్నోణ్ని సూస్తె మా మీది సర్దారు నిద్రపోతుండని నాగా ఏస్తడు."

"తనిఖీ దాటి లోపటికెట్ల దించినవ్ దీన్ని?"

"దిగింది తియ్యి."

"ఎట్ల దిగిందిరా?"

పోశం గోడవైపు తిరిగాడు. అంతకన్నా అడిగే వ్యవధి లేదు. దుర్గవ్వ పట్టీని సంచిలో కుక్కింది, హనుమంతు దొరికితే వాడి మొహాన కొట్టడానికి. ఇవాళ మంగళవారం. ఆపరేషన్లు చేసే డాక్టరు మిషన్ దవాఖానకు వచ్చేది మంగళవారమే, సాయంత్రం అయిదు గంటల బండికి వెళ్లిపోతాడు. గోడ మీదుగా తారాబాయిని కేకేసింది. "చెల్లే! ఏదన్న బండి ఆపు, లారీ ఆపు! నా కొడుకును దవాఖానకు తీస్కపోవాలె!"

ఆ కేకకు వాకిట్లో జవాబు చెప్పింది తారాబాయి కాదు, రాజలింగు.

"ఏ దవాఖాన? ఎవలనడిగి?"

కొడుకు షిఫ్టు మధ్యలోనే పైకి వెళ్లాడని తెలిసి అతనూ వచ్చేశాడు. రాజలింగు బాయిలో షాట్‌ఫైరరు. ఇనుప పెట్టెలో పేలుడు మందు మోసుకుపోయి, బొగ్గు గోడలో నింపి, తీగలు తగిలించి, దూరంగా నిలబడి బ్యాటరీకి పెట్టిన తాళపుచెవి తిప్పి పేల్చే మనిషి. చెవి షాట్‌ఫైరరు చేతి నుంచి మరో చేతికి పోకూడదని కానూను. పద్దెనిమిదేళ్లలో ఒక్క పూట కూడా అది అతని మొలతాడు వదల్లేదు. ఆ చెవి పక్కనే ఇంకో వస్తువు కూడా వేలాడేది. నూట డెబ్బై నాలుగో నంబరు ఇత్తడి బిళ్ళ. బాయిలో చేరిన మొదటి రోజు హాజరుకు ఇచ్చింది. కొత్త బిళ్ళ వచ్చినా పాతదాన్ని దాచుకున్నాడు. "గిది నా నడుముకున్నంక నా మీద బొగ్గు పెళ్ల కూడ పడలే" అని అందరికీ చూపించేవాడు.

కంపెనీ పారేసిన పాత బ్యాటరీ ఒకటి ఇంట్లో ఉన్నది. ఆదివారం వస్తే రాజలింగు అరుగు మీద జాతరే. మోకాళ్ల నొప్పులవాళ్లు, నడుము పట్టినవాళ్లు వరసగా కూర్చుంటారు. రెండు తీగల కొసలు చేతికిచ్చి చెవి తిప్పుతాడు. మనిషి జెల్ల తిన్నట్టు ఎగిరిపడి, "హా, పోయింది" అంటాడు. ఒకసారి ఎవరో అలిగి అన్నం మానేసిన తమ కోడలిని కూడా తీసుకొచ్చారు. ఆమె రెండు తిప్పులకే అన్నానికి లేచింది. అప్పటి నుంచి రాజలింగుకు తన బ్యాటరీ మీద నమ్మకం ఇంకా పెరిగింది.

ఇప్పుడతను ఆ పెట్టెనే దించి కొడుకు మంచం పక్కన పెట్టాడు.

"నరం పట్టేసింది, గంతే. నాలుగు తిప్పులకు పేగు అదే జర్రున లోపటికి పోతది. గీ మాత్రానికి కోపిచ్చుకుంటరా? కోత పడ్డదంటె ఫైలుల రాస్తరు. ఇంకో పదిహేను దినాలల్ల పక్కా అయ్యే నౌకరి. తెలుస్తుందా నీకు?"

"పిల్లగాడు కక్కుకున్నడయ్యా. గడ్డ రాయి లెక్కయింది."

"నువ్వు తెచ్చిన పట్టీతోనే అయింది!" రాజలింగు గొంతు లేచింది. "జమ్మికుంటకు పోయి సావు కొనుక్కొచ్చినవ్. ఇప్పుడు కత్తి కిందికి తోస్తవా? మా వెంకటి ఏమాయె? కడుపు కోపిచ్చుకునెతందుకు పోయిన నా తమ్ముడు నడిచొచ్చిండా ఇంటికి? మోసుకొచ్చినం!"

వెంకటి పేరు ఆ ఇంట్లో పడితే దుర్గవ్వ నోరు మూతపడటం అలవాటు. మరిది చచ్చిపోయి ఆరేళ్లయింది. ఆరేళ్లుగా ఆమె కలలో కత్తి కనబడితే ఆ కత్తి కింద వెంకటి ఉండేవాడు. ఆ భయమే ఆమెను జమ్మికుంట దాకా నడిపించింది. కానీ ఇవాళ మంచం మీద కొడుకు మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని మూలుగుతున్నాడు, ఆ మూలుగు ఆమె ఇదివరకు విన్నదే. ఇదే ఇంట్లో, ఇదే మంచం మీద.

"అవునయ్యా, పట్టీ నేనే తెచ్చిన" అన్నది దుర్గవ్వ. "నా బుద్ధి గడ్డి తిన్నది. రేపు పదిమందిల నిలబెట్టి అడుగు, ఒప్పుకుంట. గాని వెంకటిని కత్తి సంపిందని ఇంకోసారి అనకు. నొప్పి అన్నది గురువారం. నువ్వు బ్యాటరీ పెట్టినవ్. జర నిమ్మలమన్నడు. శుక్రవారం పెట్టినవ్. శనివారం పెట్టినవ్. ఆదివారం నోట్లెకెల్లి పచ్చటి నీళ్లొస్తె అప్పుడు దవాఖాన యాదికొచ్చింది. నాలుగు దినాలు. కత్తికి మనం పీనుగనే ఇచ్చినం. ఆరేళ్ల సంది నాకు తెలుసు. నీ తమ్ముడని, నీ పాణం నొస్తదని నోరు కుట్టుకున్న."

రాజలింగు ఒక్క క్షణం భార్యను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. తర్వాత వంగి, మొలతాడుకు దారంతో వేలాడే చెవిని బ్యాటరీలో దూర్చాడు. తీగల కొసలు కొడుకు గజ్జమీదికి చాచాడు.

దుర్గవ్వ చెయ్యి అంతకన్నా ముందు పోయింది. చెవిని పట్టి ఒక్క గుంజు గుంజింది. దారం పుటుక్కున తెగింది.

బయట తడికె దగ్గర చేరిన ఆడవాళ్లలో ఎవరో "అవ్వో" అన్నారు. షాట్‌ఫైరరు చెవి ఇంకొకరి చేతిలో ఉండటం ఆ క్వార్టర్ల లైన్లలో ఎవరూ చూడలేదు.

"ఇటియ్యి" అన్నాడు రాజలింగు, నమ్మలేని గొంతుతో.

"ఇయ్య."

"నా నౌకరి పోతదే!"

"పోనీ. వానిదీ పోనీ. అన్‌ఫిట్ అని రాస్తరా? రాయనీ. గంత పెద్ద అచ్చరాలతోని రాయనీ. ముద్ర ఏసెతందుకు కూడ పాణమున్న మనిషి గావాలె గద!"

చెవిని కొంగున ముడేస్తూ ఆమె ఒకటి గమనించింది. తెగిన దారం పక్కన ఇత్తడి బిళ్ళ ఉండాలి. లేదు. ఉత్త ముడి మాత్రం ఉన్నది. ఎక్కడ పారేసుకున్నాడో అనుకున్నది, అంతే. అప్పటికే తారాబాయి కేక వినిపించింది. బాయి దగ్గర దుంగలు దింపి ఖాళీగా పోతున్న లారీకి ఆమె అడ్డం నిలబడి ఆపేసింది. పొద్దుటి తనిఖీ ముగించుకుని ఇంటి దగ్గరే ఉన్న జవాను వచ్చి మంచానికి ఒకవైపు చెయ్యి వేశాడు. దుర్గవ్వ మరోవైపు పట్టింది. మంచం లేస్తుంటే పోశం పళ్లు బిగించి, "మామా, ఇయ్యాల తడమవా?" అన్నాడు. జవాను కళ్లు తుడుచుకుని, "నవ్వియ్యకురా, మంచం ఇడిసిపెడ్త" అన్నాడు.

రాజలింగు తీగలు చేతిలో పట్టుకుని అరుగు మీదే నిలబడిపోయాడు.

లారీ మిషన్ దవాఖాన గేటు దాటేసరికి నాలుగుంబావు. డాక్టరు అప్పుడే చేతులు తుడుచుకుని సంచి సర్దుకుంటున్నాడు. మగ్దలేనమ్మ పోశం మొహం చూసి, ఉబ్బు మీద చెయ్యి వేసి, డాక్టరు చేతిలోని సంచిని తానే తీసుకుని మళ్లీ బల్ల మీద పెట్టింది. "సార్, అయిదు బండి మీది గాదు ఇయ్యాల" అన్నది.

డాక్టరు చూశాడు. ఎక్కువసేపు చూడలేదు.

"పేగు ఇరుక్కుపోయింది. నెత్తురు ఆడటం లేదు. వెంటనే తెరవాలి. తండ్రి ఏడి? సంతకం కావాలి."

"తల్లి ఉన్నది" అన్నది దుర్గవ్వ.

"తండ్రి అయితే మంచిదమ్మా. రేపు గొడవలు..."

"నేను కన్న సారూ. ఆయన కనలే."

మగ్దలేనమ్మ కాగితం తెచ్చి ముందు పెట్టింది. వేలిముద్రకు సిరా మెత్త కూడా తెచ్చింది. దుర్గవ్వ దాన్ని పక్కకు జరిపింది. పెళ్లికి ముందు మూడు తరగతులు చదివింది. ఆ చదువు ఉత్తరాల మీద చిరునామాలకు, సైరన్ వేళలు రాసిన బోర్డుకు తప్ప ఎన్నడూ పనికి రాలేదు. కాగితాన్ని కిటికీ వెలుగుకు పట్టి, వేలు కింద పెట్టుకుంటూ చదివింది. "...మత్తుమందు వలనగాని, శస్త్రచికిత్స వలనగాని, ప్రాణహాని సంభవించినచో..."

వేలు ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఆమె ఏది ముందే ఊహించుకుని వణికేదో, అది అచ్చు అక్షరాల్లో ఎదురుగా నిలబడి ఉన్నది. ఇంతకాలం అది గాలిలో ఉండేది. ఎవరైనా "ఊకె పరేషాన్ గాకు దుర్గవ్వా" అంటే కాసేపు పోయేది. ఇప్పుడు దాని మీద దవాఖాన ముద్ర కూడా ఉన్నది. తలుపు పక్క నుంచి పోశం మూలుగు వినిపించింది.

"సారూ," అన్నది దుర్గవ్వ. "కోసినంక చస్తె పూచీ నాదేనని ఈ కాగితంల ఉంది. మంచిది. కోయకుండ ఇంటికి తీస్కపోయి చంపుకుంటె పూచీ ఎవలది? గా కాగితం ఏది? అది గూడ చూపెట్టు. రెండు పక్కపక్కన పెట్టి చదువుకుంట."

డాక్టరు కళ్లజోడు తీసి ఆమె వైపు చూశాడు. "ఆ కాగితం ఎవరూ అచ్చు వేయరమ్మా" అన్నాడు మెల్లగా.

"గందుకే ఇళ్లల్ల మంది ఊకె చస్తున్నరు."

కలం తీసుకున్నది. పేరు రాసింది. ఆఖరి అక్షరం గీత దాటి కిందికి దిగింది. డాక్టరు ఆ కాగితాన్ని మడతపెట్టకుండా అలాగే పట్టుకుని లోపలికి పోయాడు. పోశాన్ని తోసుకుపోతుంటే వాడు తల్లి కొంగు అందుకుని, "అవ్వా, బాపును తిట్టకే" అన్నాడు. ఏమిటా మాట అని ఆమె అడిగే లోపల తలుపు మూసుకున్నది. సందులోంచి మత్తుమందు వాసన వచ్చింది.

బల్ల మీద కూర్చున్నది. ఏడుపు రాలేదు. ఎందుకు రాలేదా అని భయపడబోయి, ఇవాళ్టికి ఆ భయాన్ని కూడా పక్కకు నెట్టింది.

పావుగంట గడిచింది. గేటులో సైకిలు పడిన చప్పుడు. రాజలింగు వచ్చాడు. మొహం కడుక్కోలేదు. చొక్కా గుండీలు కూడా తప్పు కాజాల్లో ఉన్నాయి.

"కోస్తుండ్రా?"

"కోస్తుండ్రు."

ఆ మాటకు అతను గోడకు ఆనుకున్నాడు. మెడ వంచి, "చెవి ఇయ్యవే" అన్నాడు. "పొద్దుగాల అది లేకుంట బాయి మీదికి పోతె నన్ను నిలవెడ్తరు."

"నా కొడుకు కండ్లు తెరిసినంక ఇస్త. అంతదాక గా బల్ల మీద కూసో."

"గింత పంతమెక్కడిదే నీకు? పిల్లి దగ్గినా భయపడుతుంటివి!"

"ఇప్పుడు గూడ భయమైతుంది. భయపడుకుంటనే ఇయ్యనంటున్న."

రాజలింగు కూర్చున్నాడు. ఇద్దరి మధ్య బల్ల మీద జానెడు జాగా, ఆ జాగాలో ఆమె సంచి.

లోపలి తలుపు తెరుచుకున్నది. మగ్దలేనమ్మ చేతులకు రబ్బరు తొడుగులతోనే బయటికి వచ్చింది.

"దుర్గవ్వక్కా, పట్టీ ఏడుంది? వాని ఒంటిమీద లేదు. తెచ్చినవా?"

"సంచిల ఉంది. ఎందుకు నర్సమ్మా?"

"గజ్జ మీద గుండ్రంగ నల్లమచ్చ పడ్డది. రూపాయంత. ఉత్త తోలు మెత్త ఒత్తితె గట్ల పడది అంటుండు సారు."

దుర్గవ్వ పట్టీ తీసి ఇచ్చింది. నర్సు మెత్తను వేళ్లతో నొక్కి చూసింది. కిటికీ దగ్గరికి తీసుకుపోయింది. తోలు అంచున కుట్లు రెండు రంగుల్లో ఉన్నాయి. పాతవి గోధుమ రంగువి, సన్నవి. నాలుగు మాత్రం నల్ల దారంవి, లావు చేతులు కుట్టినట్టు ఎగుడుదిగుడువి. కత్తెరతో ఆ నాలుగు కుట్లూ తెంచింది.

లోపలి నుంచి ఏదో జారి గచ్చు మీద టంగుమని పడింది. దొర్లుకుంటూ పోయి, రాజలింగు పాదానికి తగిలి, ఒరిగి ఆగింది.

ఇత్తడి బిళ్ళ.

వంగి చూడాల్సిన పని దుర్గవ్వకు లేదు. అయినా వంగింది. తీసి నంబరు చదివింది. నూట డెబ్బై నాలుగు. పక్కన రాజలింగు చెయ్యి తెలియకుండానే మొలతాడు దగ్గరికి పోయి, ఖాళీ ముడి తడిమి, అక్కడే ఆగిపోయింది.

తనిఖీ దాటి పట్టీ లోపలికి ఎలా దిగిందో, జవాను తెరిచి చూడని ఇనుప పెట్టె ఆ బాయిలో ఎవరిదో, "బాపును తిట్టకే" అని కొడుకు ఎందుకన్నాడో, అన్నీ ఒక్కసారే ఆమెకు కనబడ్డాయి.

"పట్టీ జారిపోతుందన్నడు," రాజలింగు నేలకు చెప్పాడు. "ఒత్తి పట్టాలెనంటె గట్టిది గావాలె గద. నన్ను కాపాడిన బిళ్ళ... వాన్ని గూడ కాపాడుతదనుకున్న."

"ఎవలు పెట్టిండ్రో నాకక్కర లేదు," అన్నది మగ్దలేనమ్మ. "ఎప్పుడు పెట్టిండ్రు? గది చెప్పు జల్ది. ఇయ్యాల పొద్దుగాలనా, అంతకు ముందా? పేగు ఎప్పటి సంది నలుగుతుందో తెలిస్తెనే సారుకు ఎంత కోసెయ్యాల్నో తెలుస్తది. పిల్లగాడు మత్తుల ఉన్నడు, వాన్ని అడగలేం."

లోపలి నుంచి డాక్టరు గొంతు వినిపించింది. "సిస్టర్! ఎన్ని గంటలు?"

దుర్గవ్వ కొంగు ముడిలోని చెవిని, చేతిలోని బిళ్ళను ఒకే పిడికిట్లో బిగించింది. భర్త ఎదుటికి వచ్చి నిలబడింది.

"నీ నౌకరి, నీ అదృష్టం, రెండు నా చేతులనే ఉన్నయి. చెప్పయ్యా. ఈసారి ఒక్క గడియ గూడ దాసకు."

రాజలింగు మసి పట్టిన చెయ్యి పైకి లేచింది. ఒక వేలు తెరుచుకున్నది. తర్వాత రెండోది. తర్వాత మూడోది.

"మూడు గంటలా?" అడిగింది మగ్దలేనమ్మ.

రాజలింగు తల అడ్డంగా ఊపి, "దినాలు" అన్నాడు.

దుర్గవ్వ అతని నాలుగో వేలునే చూస్తూ నిలబడింది.